శాతం తగ్గింది, సంఖ్య పెరిగింది: హెచ్‌ఐవీ మందులు, టీ-రెగ్ కణాలు

(ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాల్లో పనిచేసే వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఇమ్యునాలజీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న లెక్క. కాగితం మీద వేసుకోండి. మందులు మొదలుపెట్టేనాటికి హెచ్‌ఐవీ ఉన్న ఒకరి సీడీ4 కౌంట్, అంటే ఆ వైరస్ ప్రధానంగా దాడిచేసే తెల్ల రక్తకణాల లెక్క, 200 అనుకుందాం. అందులో టీ-రెగ్ కణాలు (రక్షణ వ్యవస్థకు కళ్లెం వేసేవి) 12 శాతం. అంటే ఘన మిల్లీమీటరు రక్తంలో 24 కణాలు. రెండేళ్లు మందులు సరిగ్గా వాడాక కౌంట్ 600 అయింది, టీ-రెగ్‌లు 7 శాతానికి దిగాయి. అంటే 42 కణాలు. ఇప్పుడు చెప్పండి, మందుల వల్ల టీ-రెగ్‌లు తగ్గాయా, పెరిగాయా?

రెండు జవాబులూ నిజమే. ఈ విషయం మీద వచ్చిన పేపర్లు చదివి తలపట్టుకునేవాళ్లంతా ఇక్కడే చిక్కుకుంటారు. ఒకరు శాతం రాస్తారు, ఇంకొకరు సంఖ్య రాస్తారు, మూడో ఆయన రెండిటినీ పోల్చి "ఫలితాలు పరస్పర విరుద్ధం" అని తేలుస్తాడు. పెళ్లిలో భోజనాలయ్యాక చుట్టాలు వెళ్లిపోతే పందిట్లో వంటవాళ్ల శాతం పెరుగుతుంది. కొత్తగా వంటవాళ్లు రాలేదు కదా! చికిత్స లేని హెచ్‌ఐవీలో జరిగేది చాలా వరకు ఇదే. మామూలు సీడీ4 కణాలు వేగంగా పోతాయి. టీ-రెగ్‌లూ పోతాయి, కాకపోతే అంత వేగంగా కాదు. శాతం పైకి, సంఖ్య కిందికి.

ఇంతకీ టీ-రెగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. సీడీ4 కణాల్లోనే ఒక చిన్న వర్గం. ఆరోగ్యవంతుల రక్తంలో సీడీ4 కణాల్లో సుమారు 5 నుంచి 10 శాతం ఉంటాయి. మిగతా కణాలు పోరాడితే, ఇవి పోరు శ్రుతి మించకుండా ఆపుతాయి. 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి వీటిని సీడీ25 అనే గుర్తుతో వేరుచేసి చూపించారు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకుంది. ఈ జన్యువు చెడితే మగపిల్లలు పుట్టిన కొద్ది నెలల్లోనే విరేచనాలు, మధుమేహం, చర్మం మీద దద్దుర్లతో విలవిల్లాడతారు. సొంత రక్షణ వ్యవస్థే ఒంటిని తినేస్తుంది. ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ వచ్చింది కాబట్టి ఇప్పుడు టీ-రెగ్ అంటే ఏమిటని అడిగేవాళ్లు తగ్గారు. పదేళ్ల క్రితం ఈ మాట ఎత్తితే సగం గది ఖాళీ అయ్యేది.

ఇక హెచ్‌ఐవీలోకి వద్దాం. శాతం పెరగడానికి వంటవాళ్ల లెక్క ఒక్కటే కారణం కాదు. వైరస్ పై పొరలోని జీపీ120 ప్రొటీన్ టీ-రెగ్ మీది సీడీ4కి అతుక్కున్నప్పుడు ఆ కణం ఇంకొన్నాళ్లు బతికే సంకేతాలు అందుకుంటుంది. పేగుల్లో, లింఫు గ్రంథుల్లో వాపు వల్ల ఐడీఓ అనే ఎంజైము పెరుగుతుంది. అది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని కైన్యురెనిన్‌గా మారుస్తుంది. ఆ వాతావరణంలో పేగు గోడను కాపాడే టీహెచ్17 కణాలు తయారవడం కష్టం, టీ-రెగ్‌లు తయారవడం తేలిక. మూడో కారణం ల్యాబ్ వాళ్లకి బాగా పనికొస్తుంది: మనిషి శరీరంలో మామూలు టీ కణం ఉద్రేకపడినా (చురుకై పనిలోకి దిగినా) కొద్దిసేపు ఫాక్స్‌పీ3 చూపిస్తుంది. టోపీ పెట్టుకున్న ప్రతివాడూ పోలీసు కాదు. దీని సంగతి కాసేపట్లో మళ్లీ చూద్దాం.

మందులు మొదలయ్యాక ఏం జరుగుతుంది? మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇప్పుడు ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకి ఒక మాత్ర. ఈ మూడింటిలో ఏదీ టీ-రెగ్‌ని నేరుగా ముట్టుకోదు. అవి చేసేది వైరస్ ఉత్పత్తిని ఆపడం. ప్రభావమంతా ఆ దారినే వస్తుంది. వైరస్‌ను చురుగ్గా తయారుచేస్తున్న కణాల అర్ధాయువు ఒక రోజు ప్రాంతంలో ఉంటుంది కాబట్టి మొదటి రెండు వారాల్లోనే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) నిట్టనిలువునా పడుతుంది. డోలుటెగ్రావిర్ కలిసిన మందుతో వైరస్ అణగడానికి మధ్యస్థంగా 28 రోజులు, ఎఫావిరెంజ్ ఉన్న పాత కలయికతో 84 రోజులు పట్టిందని 2013లో వచ్చిన 'సింగిల్' అనే పేరున్న ట్రయల్ చూపించింది.

వైరస్ పడగానే ఉద్రేకం తగ్గుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో సీడీ4 కౌంట్ ఒక్కసారిగా ఎగబాకడం మీరంతా చూస్తారు. అవి కొత్తగా పుట్టిన కణాలనుకుంటే పొరపాటు. వాపు వల్ల లింఫు గ్రంథుల్లో ఇరుక్కుపోయిన పాత జ్ఞాపక కణాలు (ఇదివరకు శత్రువును చూసినవి) రక్తంలోకి తిరిగి వస్తున్నాయంతే. వాటితోపాటు గ్రంథుల్లో పోగుపడిన టీ-రెగ్‌లు కూడా వస్తాయి. అందుకే మొదటి మూడు నెలల్లో తీసిన టీ-రెగ్ శాతాన్ని పట్టుకుని "మందు పనిచేసింది, చేయలేదు" అని తీర్పు చెప్పడం దండగ. ఆ తర్వాత నెమ్మదిగా, ఏళ్ల తరబడి, టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి నుంచి కొత్త కణాలు చేరతాయి. అప్పుడే అసలు ధోరణి కనబడుతుంది: టీ-రెగ్ శాతం దిగుతూ, సంఖ్య పెరుగుతూ ఉంటుంది. ఆలస్యంగా చికిత్స మొదలైనవాళ్లలో శాతం పూర్తిగా మామూలు స్థాయికి రాకుండా కాస్త పైనే ఆగిపోవడం తరచుగా కనిపిస్తుంది. తొందరగా మొదలుపెట్టినవాళ్లు మామూలు స్థాయికి దగ్గరగా వస్తారు.

సంఖ్య ఒక్కటే కాదు, గుణం కూడా చూడాలి. టీ-రెగ్ మీద సీడీ39 అనే ఎంజైము ఉంటుంది. అది కణాల బయట పడి ఉన్న ఏటీపీని ఏఎంపీగా కోస్తుంది. పక్క కణాల మీది సీడీ73 దాన్ని అడినోసిన్‌గా మారుస్తుంది. అడినోసిన్ పోరాట కణాల్లో ఏ2ఏ గ్రాహకాన్ని తట్టి వాటిని నీరసింపజేస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో సీడీ39 మోసే టీ-రెగ్‌లు పెరుగుతాయి. మందులు వాడుతున్నా కొందరిలో ఆ పెరుగుదల పూర్తిగా పోదు. కాబట్టి 7 శాతం అని చూసి ఊరుకోకుండా, ఆ 7లో సీడీ39 ఉన్నవి ఎన్నో కూడా అడగండి.

ఇప్పటిదాకా రక్తం గురించే మాట్లాడాం. అసలు కథ లింఫు గ్రంథుల్లో ఉంది, అక్కడ మందులు చేయలేనివి కొన్ని ఉన్నాయి. కోతుల్లో హెచ్‌ఐవీ లాంటి ఎస్‌ఐవీ వైరస్ మీద, మనుషుల్లో బయాప్సీల మీద జరిగిన పని నుంచి తెలిసింది ఇది. ఇన్ఫెక్షన్ తొలి రోజుల్లోనే గ్రంథుల్లో టీ-రెగ్‌లు చేరి టీజీఎఫ్-బీటా1 అనే సంకేత ప్రొటీన్ విడుదల చేస్తాయి. వాపు తగ్గించడానికే చేస్తాయి. కానీ ఆ టీజీఎఫ్-బీటా ఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలను రెచ్చగొట్టి కొల్లాజెన్ అనే నార లాంటి ప్రొటీన్ పేర్చేలా చేస్తుంది. గ్రంథి లోపల ఒక జాలరి వల లాంటి కణజాలం ఉంటుంది. టీ కణాలు దాని మీద పాకుతూ ఐఎల్-7 అనే తిండి అందుకుంటాయి. కొల్లాజెన్ పేరుకుంటే వల నలిగిపోతుంది, తిండి అందదు, ఇంకా పోరు చూడని కొత్త కణాలు చచ్చిపోతాయి. వైరల్ లోడ్ "కనబడలేదు" అని రిపోర్ట్ వచ్చాక కూడా ఆ కొల్లాజెన్ అక్కడే ఉంటుంది. రక్షించబోయినవాడే గోడ కట్టి దారి మూసేసినట్టు. ఆలస్యంగా వచ్చిన పేషెంట్‌కి కౌంట్ 250 దగ్గరే ఆగిపోతే, "మాత్రలు ఎగ్గొడుతున్నావా" అని గద్దించే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

పేగులో తూకం టీహెచ్17కీ టీ-రెగ్‌కీ మధ్య. టీహెచ్17 కణాలు ఐఎల్-17, ఐఎల్-22తో పేగు గోడను బాగు చేస్తుంటాయి. హెచ్‌ఐవీ వాటిని ముందు కొడుతుంది. గోడ చిల్లులు పడి బాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి, వాపు ఆగదు, ఐడీఓ పెరుగుతుంది, టీ-రెగ్ వైపు మొగ్గు ఇంకా పెరుగుతుంది. విష వలయం. బ్యాంకాక్‌లోని ఆర్‌వీ254 బృందం ఇన్ఫెక్షన్ సోకిన తొలి దశలోనే, యాంటీబాడీలు కూడా రాకముందే చికిత్స ఇచ్చినవాళ్లలో పేగులోని టీహెచ్17 పనితీరు నిలిచిందని 2014లో చూపించింది. ఆలస్యమైతే మందులు రక్తాన్ని సరిచేసినంత బాగా పేగును సరిచేయలేవు. సీడీ4 కౌంట్ ఎంత ఉన్నా చికిత్స మొదలుపెట్టాలన్న విధానం మన దేశంలో 2017 నుంచి ఉంది. కానీ పరీక్షకి రావడమే ఆలస్యమైతే విధానం ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక పాత పాఠం చెప్పి తీరాలి. టీ-రెగ్ గురించి తెలియకపోతే ఎంత ఖర్చవుతుందో ఇది చెబుతుంది. మందులతోపాటు టీ కణాలను పెంచే ఐఎల్-2 అనే ప్రొటీన్ ఇంజెక్షన్ ఇస్తే సీడీ4 కౌంట్ పెరుగుతుందని అప్పటికే తెలుసు. కౌంట్ పెరిగితే జబ్బులు తగ్గుతాయి కదా అని రెండు పెద్ద ట్రయల్స్ పెట్టారు. ఎస్‌ప్రిట్‌లో 4,111 మంది, సిల్‌క్యాట్‌లో 1,695 మంది. ఎస్‌ప్రిట్‌లో మోతాదు 75 లక్షల యూనిట్లు రోజుకి రెండుసార్లు, 5 రోజుల చొప్పున, 8 వారాలకో విడత, మొదట మూడు విడతలు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఐఎల్-2 తీసుకున్నవాళ్లకి కౌంట్ సగటున ఎస్‌ప్రిట్‌లో 159, సిల్‌క్యాట్‌లో 53 కణాలు ఎక్కువ. అవకాశవాద జబ్బుల్లో, మరణాల్లో తేడా సున్నా.

ఎందుకు? దానికి ఒక జవాబు 2005లోనే కనబడింది. ఐఎల్-2తో పెరిగిన సీడీ4 కణాల్లో చాలావాటి మీద సీడీ25 ఉంది, లోపల ఫాక్స్‌పీ3 ఉంది. సీడీ25 అంటేనే ఐఎల్-2 పట్టుకునే గ్రాహకం కదా. విందు పెడితే ఆ గ్రాహకం ఎక్కువ ఉన్నవాడే ముందు తింటాడు. కౌంట్ పెరిగింది, సైన్యం పెరగలేదు. వైఫల్యమంతా దీని మీదే నెట్టలేం, ఐఎల్-2 సొంతంగా వాపును కూడా పెంచుతుంది. అయినా సీడీ4 కౌంట్ అనే ఒక్క అంకెను పూజించేవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

టీ-రెగ్‌లకి ఇంకో ముఖం ఉంది. అవీ సీడీ4 కణాలే కాబట్టి వాటికీ హెచ్‌ఐవీ సోకుతుంది. దీర్ఘకాలం మందుల మీద ఉండి వైరస్ అణిగినవాళ్లలో విశ్రాంతిలో ఉన్న టీ-రెగ్‌లు వైరస్ డీఎన్‌ఏ దాక్కునే చోటుగా ఉన్నాయని 2008లో తేలింది. మిగతా సీడీ4 కణాలతో పోలిస్తే ఒక్కో కణం లెక్కన వీటిలో ఆ డీఎన్‌ఏ ఎక్కువ. 2017లో కోతుల లింఫు గ్రంథుల్లో చూసినప్పుడు, చికిత్స కింద మిగిలిన వైరస్‌కి సీటీఎల్‌ఏ-4 అనే గుర్తు ఉండి పీడీ-1 అనే గుర్తు లేని కణాలు పెద్ద ఆధారమని కనబడింది. వాటిలో చాలా వరకు టీ-రెగ్ పోలికలు ఉన్నవే. అంటే మందుల కింద టీ-రెగ్ రెండు విధాలా వైరస్‌కి సాయపడుతుంది: తనలో దాస్తుంది, పక్కన వేటాడే సీడీ8 కణాల చెయ్యి పట్టుకుంటుంది.

సరే, ల్యాబ్ వాళ్లు ఎదురు చూస్తున్నారు. ఈ కణాల్ని ఎలా లెక్కపెట్టాలి, ఎక్కడ తప్పుతాం?

రక్తం తీసిన రోజే పని మొదలుపెట్టండి. ట్యూబును గది ఉష్ణోగ్రతలో ఉంచండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చచ్చిన కణాలను గుర్తించే రంగు ఫిక్స్ చేయకముందే వేయాలి. చచ్చిన కణం ప్రతి యాంటీబాడీనీ పీల్చుకుంటుంది, ఫాక్స్‌పీ3 చూస్తే మరీ. ఆ తర్వాత పై పొర గుర్తులు: సీడీ3, సీడీ4, సీడీ25, సీడీ127. నాలుగు డిగ్రీల్లో, చీకట్లో, 30 నిమిషాలు. ఆపై ఫాక్స్‌పీ3 కోసం తయారైన ఫిక్సేషన్ బఫర్ వాడి కేంద్రకం దాకా దారి తెరవాలి. మామూలు సైటోకైన్ కిట్‌లోని సాపోనిన్ బఫర్ వాడితే కేంద్రకం సరిగ్గా తెరుచుకోదు, టీ-రెగ్‌లు 1 శాతం అని రిపోర్ట్ వస్తుంది. మెథనాల్ వాడే పద్ధతి పట్టారా, పీఈ, ఏపీసీ లాంటి ప్రొటీన్ రంగులు పాడవుతాయి. ఫాక్స్‌పీ3 యాంటీబాడీ క్లోన్ మారితే శాతం మారుతుంది. స్టడీ మధ్యలో స్టాక్ అయిపోయిందని వేరే క్లోన్ తెప్పించుకుంటే అప్పటిదాకా చేసిన పని బూడిదలో పోసిన పన్నీరే. సీడీ25కి, ఫాక్స్‌పీ3కి గీత ఎక్కడ గీయాలో ఎఫ్‌ఎంఓ కంట్రోల్ (ఒక్క రంగు మినహా మిగతావన్నీ వేసిన నమూనా) చెబుతుంది. కంటి లెక్కన గీయొద్దు.

సీడీ127 ఎందుకంటారా? ఫాక్స్‌పీ3 ఉన్న చోట ఐఎల్-7 గ్రాహకమైన సీడీ127 అణుగుతుంది. కాబట్టి సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ అన్న గీతతో కణాలను చంపకుండానే వేరుచేయొచ్చు. 2006 నుంచి అందరం ఇదే వాడుతున్నాం. కానీ హెచ్‌ఐవీలో ఇది ఉచ్చు. వైరస్ ఉద్రేకం వల్ల మామూలు టీ కణాలు కూడా సీడీ127 పోగొట్టుకుంటాయి, సీడీ25 పెంచుకుంటాయి. అవన్నీ మీ టీ-రెగ్ గీతలోకి చొరబడతాయి. మందులు మొదలయ్యాక ఉద్రేకం తగ్గి అవి బయటకు పోతాయి. కాగితం మీద టీ-రెగ్ శాతం తగ్గినట్టు కనబడుతుంది. ఆ తగ్గుదలలో కొంత నిజం, కొంత గీత చేసిన మాయ. దీన్ని విడదీయాలంటే సీడీ45ఆర్‌ఏ కలపండి. 2009లో సకగుచి బృందమే చూపించిన పద్ధతి ఇది: సీడీ45ఆర్‌ఏ ఉండి ఫాక్స్‌పీ3 తక్కువ ఉన్నవి విశ్రాంతి టీ-రెగ్‌లు, సీడీ45ఆర్‌ఏ లేక ఫాక్స్‌పీ3 బాగా ఎక్కువ ఉన్నవి పని చేసే టీ-రెగ్‌లు, సీడీ45ఆర్‌ఏ లేక ఫాక్స్‌పీ3 కూడా తక్కువ ఉన్నవి అసలు టీ-రెగ్‌లే కావు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే ఫాక్స్‌పీ3 జన్యువులోని టీఎస్‌డీఆర్ అనే భాగంలో మిథైల్ గుర్తులు ఊడిపోయాయో లేదో చూడాలి. నిజమైన టీ-రెగ్‌లో ఊడిపోయి ఉంటాయి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. స్త్రీలలో రెండో ఎక్స్ నిద్రపోతూ మిథైల్‌తోనే ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెను రెండుతో హెచ్చించాలి. మరిచిపోతే స్త్రీలకి టీ-రెగ్‌లు సగమే ఉన్నాయని ఒక "ఆవిష్కరణ" చేసేస్తారు.

రక్తం ఎంత తీసుకోవాలి? కౌంట్ 50 ఉన్న మనిషి రక్తం 100 మైక్రోలీటర్లలో సీడీ4 కణాలు 5,000. పది శాతం అనుకున్నా టీ-రెగ్‌లు 500. అందులో సీడీ39 ఉన్నవీ లేనివీ విడగొడితే చేతిలో మిగిలేవి రెండు మూడు వందలు, కడిగినప్పుడల్లా కొన్ని పోతాయి కూడా. తక్కువ కౌంట్ వాళ్లకి కనీసం 300 నుంచి 500 మైక్రోలీటర్లు వాడండి. సంఖ్య కట్టేటప్పుడు అదే రోజు, అదే ట్యూబు నుంచి తీసిన సీడీ4 కౌంట్‌తోనే హెచ్చించండి. కౌంట్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకి రక్తం తీయడం అలవాటు చేయండి.

పనితీరు పరీక్ష, అంటే టీ-రెగ్‌లు పక్క కణాల విభజనను ఆపుతాయో లేదో చూడటం, ఇంకా కష్టం. మన మొదటి లెక్కలోని మనిషి దగ్గర 20 మిల్లీలీటర్లు తీస్తే కాగితం మీద 4,80,000 టీ-రెగ్‌లు. వేరుచేసేసరికి సగం దక్కితే గొప్ప. బీడ్లతో ఉద్దీపన మరీ గట్టిగా ఇస్తే ఏ టీ-రెగ్ కూడా ఆపలేదు, "పని చేయడం లేదు" అని తప్పు తీర్పు వస్తుంది. వైరస్ ఉన్న కణాలైతే ఆ నాలుగైదు రోజుల కల్చర్‌లో యాంటీరెట్రోవైరల్ మందు కలపాలి. లేకపోతే మీరు కొలిచేది టీ-రెగ్ పని కాదు, వైరస్ పని.

క్లినిక్ వాళ్లకి నా మాట సూటిగా: టీ-రెగ్ పరీక్షను పేషెంట్‌కి రాయొద్దు. దాన్ని చూసి మార్చగలిగిన చికిత్స ఏదీ ఇప్పుడు లేదు. వైరల్ లోడ్ అణిగినా కౌంట్ పెరగకపోతే ముందు టీబీ వెతకండి, మద్యం అడగండి, జిడోవుడిన్ లాంటి మజ్జను అణిచే మందు ఏదైనా వాడుతున్నారేమో చూడండి, ప్లీహం వాచిందేమో తడిమి చూడండి. టీబీ ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ 50 ఇంకొకటి, 12 గంటల తర్వాత ఇవ్వాలి.

ఇక ప్రశ్నలు.

"టీ-రెగ్‌లను తీసేస్తే దాక్కున్న వైరస్ బయటకొచ్చి పూర్తిగా నయమవుతుందా?"

కోతుల్లో ప్రయత్నించారు. ఐఎల్-2ని డిఫ్తీరియా విషంతో అతికించిన మందు ఇచ్చి టీ-రెగ్‌లను తగ్గిస్తే నిద్రపోతున్న ఎస్‌ఐవీ లేచింది, సీడీ8 కణాలూ చురుకయ్యాయి. కానీ టీ-రెగ్ లేకపోతే మిగతా సీడీ4 కణాలూ ఉద్రేకపడతాయి, ఉద్రేకపడ్డ సీడీ4 కణమే హెచ్‌ఐవీకి ఇష్టమైన మేత. పైగా సొంత అవయవాల మీద దాడి ముప్పు ఉంది. క్యాన్సర్‌లో సీటీఎల్‌ఏ-4ను అడ్డుకునే మందులు వాడేవాళ్లకి పేగు వాపు, కాలేయం వాపు రావడం చూస్తున్నాం. రోజూ ఒక మాత్రతో బాగున్న మనిషికి ఆ ముప్పు తెచ్చిపెట్టడం నాకు న్యాయంగా కనబడదు.

"మందులు కొన్నాళ్లు ఆపి ఇస్తే టీ-రెగ్‌ల తూకం సరిపోతుందని ఒకచోట చదివాను..."

అది పాత ఆశ. 5,472 మందితో జరిగిన స్మార్ట్ ట్రయల్ 2006లో దానికి తెరదించింది. కౌంట్ 350 దాటితే ఆపి, 250 కంటే తగ్గితే మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో అవకాశవాద జబ్బు లేదా మరణం 2.6 రెట్లు. ఆపిన కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగొస్తుంది, టీ-రెగ్ శాతమూ దానితోనే పైకి పోతుంది.

"మా దగ్గరికొచ్చేవాళ్లు ఇమ్యూనిటీ పెంచే పొడులు, మాత్రలు కొంటున్నారు. వాటితో టీ-రెగ్‌లకి ఏమైనా...?"

టీ-రెగ్‌ల సంగతి పక్కన పెట్టండి, ఆ డబ్బా వెనక ఏం రాసి ఉందో చూడండి. కాల్షియం, ఐరన్, జింక్ ఉంటే అవి పేగులో డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుంటాయి, మందు ఒంటికి పట్టదు. టీఎల్‌డీ మాత్ర వీటికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ అయితే అన్నంతోపాటు కలిపి వేసుకోవచ్చు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందుకి మాత్రం అన్నం మినహాయింపు లేదు, రెండు గంటలు, ఆరు గంటల లెక్కే. ఈసారి మాత్రలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆ డబ్బాను వెంట తెమ్మనండి.